ముప్పై ఏడో పేజీ

అద్దాల పెట్టె తాళం పగల్లేదు. అద్దం మీద ఒక్క గీత పడలేదు. పెట్టెలో ఉండాల్సిన పుస్తకం మాత్రం లేదు.

"ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవడానికేముంది బావా? తాళంచెవి ఒక్కటే. అది లైబ్రేరియన్ దగ్గరే ఉంటుంది. నువ్వు కాఫీ తాగి ఇంటికెళ్ళిపో, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు ఇన్‌స్పెక్టర్, మీసం సవరించుకుంటూ.

డిటెక్టివ్ నవ్వాడే తప్ప కదల్లేదు. ఇన్‌స్పెక్టర్ ఆయన భార్యకి స్వయానా తమ్ముడు. ఏ కేసులో ఎదురుపడ్డా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఇంట్లో మాత్రం ఇద్దరూ పాలూ నీళ్ళలా కలిసిపోయినట్టు నటించాలి. అక్కగారి ముందు గొంతు పెంచే ధైర్యం ఇద్దరిలో ఏ ఒక్కరికీ లేదు మరి.

"కాఫీ ఎలాగూ తాగుతాను. నన్ను పిలిచింది వైస్‌ఛాన్సలర్ గారు. నువ్వు వచ్చావని తెలిశాకే పిలిచారట" అన్నాడు.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇన్‌స్పెక్టర్ ముఖం మాడ్చుకుని దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. యాభై దాటాక లోకం మీద కోపాలన్నీ వదిలేసి, మంచి కాఫీ, మెత్తటి చెప్పులు, అప్పుడప్పుడూ ఒక కేసు ఉంటే చాలనుకునే మనిషి మన డిటెక్టివ్. బావమరిదిని ఉడికించడం ఒక్కటే ఆయన మిగుల్చుకున్న దురలవాటు.

యూనివర్సిటీ లైబ్రరీకి కొత్తగా కట్టిన రీడింగ్ హాలు అది. రంగుల వాసన ఇంకా పోలేదు. వరసలు వరసలుగా కుర్చీలు, ఒక్కోటీ ఒక్కో పాత విద్యార్థి ఇచ్చింది. వీపు ఆనే చోట చిన్న ఇత్తడి రేకు మీద ఇచ్చినవాళ్ళ పేర్లున్నాయి. హాలు కట్టించింది మాత్రం ఒక్క చెయ్యి. రెండేళ్ళ కిందట పోయిన పెద్ద ప్రొఫెసర్ గారి భార్య, భర్త పుస్తకాలన్నీ ఈ లైబ్రరీకి ఇచ్చేసి, వాటితోపాటు ఈ హాలూ కట్టించింది. అంతకుముందు వానొస్తే పిల్లలు మెట్ల మీద గొడుగేసుకుని చదివేవారు.

ఇవాళ సాయంత్రం నాలుగింటికి ప్రారంభం. పుస్తకాలు అప్పగిస్తూ, ఏటేటా హాలు ఖర్చులు భరిస్తానని రాసిన పత్రం మీద పెద్దావిడ వేదిక మీదే సంతకం పెట్టాలి. వచ్చినవాళ్ళంతా చూడటానికని ప్రొఫెసర్ గారి పుస్తకాల్లోకెల్లా గొప్పదాన్ని, చేత్తో రంగులద్దిన ఒక పాత పక్షుల పుస్తకాన్ని, అద్దాల పెట్టెలో పెట్టారు. నిన్న సాయంత్రం లైబ్రేరియనే పెట్టి తాళం వేసింది. పొద్దున్నే అలంకరణ చూసుకుందామని వచ్చిన పెద్దావిడ మేనల్లుడు ఖాళీ పెట్టె చూసి, లైబ్రరీ అదిరిపోయేలా గగ్గోలు పెట్టాడు.

ఆ మేనల్లుడు ఇంకా తగ్గలేదు. అత్తయ్య ట్రస్టు వ్యవహారాలన్నీ చూసేది అతనే.

"చెబుతున్నా వినండి. నాలుగింటిలోగా పుస్తకం దొరక్కపోతే అత్తయ్య చేత సంతకం పెట్టించను. ఇచ్చిన ఒక్క పుస్తకాన్ని ఒక్క రాత్రి కాపాడలేనివాళ్ళకి హాలెందుకు? తలుపులకి తాళం వేయించి పోతా."

"పుస్తకం దొరికితే?" అడిగాడు డిటెక్టివ్.

"దొరికినా దొంగ జైలుకెళ్ళాల్సిందే."

కిటికీ పక్కన నిలబడ్డ లైబ్రేరియన్ ఆ మాటకి తల దించుకుంది. నలభై అయిదేళ్ళుంటాయి. పొద్దున్నుంచీ ఎవరేమడిగినా 'నాకు తెలీదండీ' అన్న రెండు ముక్కలే చెబుతోందట. మాట్లాడుతున్నంతసేపూ పక్క బల్ల మీది దుమ్ము చేత్తో తుడుస్తూనే ఉంది. కొత్త బల్ల మీద దుమ్మెక్కడిది పాపం!

డిటెక్టివ్ ఆమెని వెంటనే ఏమీ అడగలేదు. అద్దాల పెట్టె దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, "అబ్బా" అని మూలిగి, లోపలికి చూశాడు. పుస్తకం లేదు కానీ, దాన్ని ఆనించిన చెక్క స్టాండు ఉంది. తెరిచిన పుస్తకం వెన్ను విరక్కుండా పట్టుకునేలా రెండు రెక్కలున్నాయి దానికి. ఎడమ రెక్క బాగా పైకి ఉంది. కుడి రెక్క కిందికి ఉంది.

"ఈ స్టాండు భలేగా ఉందమ్మా. బజార్లో దొరుకుతుందా?"

లైబ్రేరియన్ ముఖంలోకి కాస్త వెలుగొచ్చింది. "దొరకదండీ. మా బైండింగ్ సెక్షన్‌లో చేయించాను. ఏ పుస్తకానికి ఆ స్టాండే. ఎక్కడ తెరుస్తామో దాన్నిబట్టి రెక్కల ఎత్తు మారాలి. ఎడంవైపు కాగితాలు తక్కువుంటే ఎడమ రెక్క ఎత్తు పెంచాలి, అప్పుడే రెండు పేజీలూ సమంగా కూర్చుంటాయి."

"అంటే ఇది మొదట్లోనే ఎక్కడో తెరిచి పెట్టడానికి చేసింది."

"అవునండీ."

"ఏముంది ఆ పేజీలో?"

వెలుగు ఠక్కున ఆరిపోయింది. "బొమ్మేనండీ. పక్షి బొమ్మ."

"బొమ్మలా? మొదట్లోనా?" మేనల్లుడు అందుకున్నాడు. "బొమ్మలన్నీ చివర్లో కలిపి కుట్టేశారు. చిన్నప్పుడు మామయ్య ఆ పుస్తకం ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆయన నిద్రపోతున్నప్పుడు చూసేవాణ్ణి. ముందంతా చీమల బారుల్లా అక్షరాలే."

లైబ్రేరియన్ మళ్ళీ బల్ల తుడవడంలో పడింది. డిటెక్టివ్ కూడా విననట్టే లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. ఈవిడకి అబద్ధం చెప్పడం రాదు, అందుకే రెండు ముక్కలతో సరిపెడుతోంది అని మాత్రం మనసులో అనుకున్నాడు. అబద్ధం రాని మనుషులంటే ఆయనకి మొదట్నుంచీ ఇష్టం.

ఇన్‌స్పెక్టర్‌ని వరండాలోకి తీసుకెళ్ళాడు.

"ఆవిడ ఇల్లు వెతికావా?"

"అణువణువూ. దొరకలేదు."

"దొరకదు. పుస్తకం ఎంతుంటుంది?"

"తలగడంత."

"గేటు దగ్గర సంచులు చూస్తారా?"

"లైబ్రేరియన్ సంచితో సహా చూస్తారు. ఆ రూలు పెట్టింది కూడా ఆవిడేనట. నిన్న సాయంత్రం ఆవిడ చేతిలో చిన్న పర్సు తప్ప ఏమీ లేదని గేటువాడు చెప్పాడు." ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం ఆగాడు. "అయితే లోపలే ఉందంటావు. నాకు ఆమాత్రం తట్టలేదనుకున్నావా? బీరువాలు, రాకులు, అటకలు, బాత్‌రూములు, అన్నీ తిరగేయించా."

"అన్నీ?"

"అన్నీ. ఒక్క ఫ్రీజర్ తప్ప."

"లైబ్రరీలో ఫ్రీజరేమిట్రా?"

"దానం వచ్చిన పుస్తకాల్లో పురుగులుంటాయట. తిన్నగా రాకుల్లో పెడితే ఉన్న పుస్తకాలకీ పడతాయట. అందుకని ప్లాస్టిక్ కవర్లలో చుట్టి కొన్ని వారాలు గడ్డకట్టిస్తారు. పురుగులూ గుడ్లూ అన్నీ చస్తాయి. మధ్యలో తలుపు తీస్తే చల్లదనం పోయి మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాలని ఆవిడ చేతులు జోడించి మరీ బతిమాలింది. సరేలెమ్మని వదిలేశా." అతని గొంతు చివర్లో కాస్త జారింది.

"అనుమానం ఉన్న మనిషి ఒక్క తలుపు తీయొద్దంటే, ఆ ఒక్కటీ వదిలేసి ఊరంతా వెతికావన్నమాట" అన్నాడు డిటెక్టివ్ ఎంతో ప్రేమగా.

ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. "పద, ఇప్పుడే తెరిపిస్తా."

ఇప్పుడే తెరిపిస్తే అంతా పాడవుతుందని డిటెక్టివ్‌కి తెలుసు. ఆవిడ మనసు విప్పాల్సిన మాట ఏదో ఉంది. ఖాకీ బట్టల ముందు అది బయటికి రాదు. వెనక్కి తిరిగి, జేబులోని ఫోన్ తీసి, భార్యకి చిన్న సందేశం పంపాడు: 'నీ తమ్ముడు పొద్దున్నుంచి ఏమీ తినలేదు.'

ఇన్‌స్పెక్టర్ నాలుగు అడుగులు వేశాడో లేదో ఫోన్ మోగింది. "అక్కా... లేదక్కా... తిన్నానక్కా... ఒట్టు... కాదక్కా, నేను చెప్పేది విను..."

ఇక అది ఇప్పట్లో తెమిలే వ్యవహారం కాదు. డిటెక్టివ్ హాయిగా లోపలికెళ్ళి లైబ్రేరియన్‌ని పిలిచాడు. "ఒక్కసారి ఫ్రీజర్ చూపిస్తారా అమ్మా?"

ఆమె ముందుగా మెట్లు దిగింది.

కింది గదిలో మనిషెత్తు తెల్లటి ఫ్రీజర్ గుర్రుగుర్రుమంటోంది. తలుపు మీద 'తెరవరాదు' అని పెద్ద అక్షరాలు. ఆమె తాళంచెవి డిటెక్టివ్ చేతికిచ్చింది. ఆయనే తిప్పి తలుపు తీశాడు. అరల నిండా ప్లాస్టిక్ పొట్లాలు. అన్నిటికీ మంచు పట్టి పిండి చల్లినట్టున్నాయి. అడుగు అరలో ఉన్న ఒక్క పెద్ద పొట్లం మాత్రం నిగనిగలాడుతోంది.

"దీనికింకా మంచు పట్టలేదు. నిన్న సాయంత్రం చేరిన కొత్త చుట్టమనుకుంటాను" అంటూ రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టాడు. ప్లాస్టిక్ లోపల నీలం రంగు ఉన్ని శాలువా కనబడుతోంది, పసిపిల్లని చుట్టినట్టు నాలుగు మడతలు వేసి ఉంది. ఆయన ప్లాస్టిక్ మూల పట్టుకున్నాడో లేదో ఆమె గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడే విప్పకండి! చల్లటి కాగితానికి ఈ గాలి తగిలితే చెమ్మపడుతుంది. రంగులు కరుగుతాయి. గది వేడికి రానివ్వండి."

డిటెక్టివ్ చెయ్యి తీసేశాడు. తన ఉద్యోగం పోతున్నా, చేతికి బేడీలు పడబోతున్నా, ఈవిడ బెంగ రంగుల మీదే. మనిషి మీద ఆయనకి అమాంతం గౌరవం పెరిగిపోయింది.

"సరే, వేడెక్కనిద్దాం. ఈలోగా మీరు చెప్పండి. దొంగిలించినవాళ్ళెవరూ పుస్తకానికి తమ శాలువా కప్పరు. దీన్ని ఎవరికి కనబడకుండా దాచారు?"

ఆమె బల్ల అంచు పట్టుకుని మొదలుపెట్టింది.

"ప్రతి లైబ్రరీకీ ఒక రహస్య పేజీ ఉంటుందండీ. కొత్త పుస్తకం రాగానే మొదటి పేజీలో ముద్ర వేస్తాం, అది అందరికీ తెలిసిందే. ఎవరైనా ఎత్తుకెళితే ఆ పేజీ చింపేస్తారు. అందుకని లోపల ఇంకో పేజీలో, కుట్టు పక్కన, చిన్న ముద్ర వేస్తాం. ఏ పేజీయో స్టాఫ్‌కి తప్ప తెలీదు. మాది ముప్పై ఏడో పేజీ."

డిటెక్టివ్ పొట్లం వైపు చూశాడు. విషయం అర్థమవుతుంటే నిటారుగా నిలబడ్డాడు.

"పెద్దావిడ ఈ పుస్తకం పంపిస్తూ, లోపల చిన్న కాగితం గుర్తు పెట్టి, అక్కడే తెరిచి ఉంచమన్నారు. కొలత తీసుకుని స్టాండు చేయించానే కానీ, పేజీ సరిగ్గా చూళ్ళేదు. నిన్న సాయంత్రం అందరూ వెళ్ళాక పెట్టెలో పెట్టి చూస్తే..." ఆమె పొట్లం మీద చెయ్యి వేసింది. "మా ముద్రేనండీ. ఈ పుస్తకం ప్రొఫెసర్ గారిది కాదు. మాదే. ఎప్పుడో పోయినది."

"ఆయన..."

"ఆయన చేతిసంచి ఎవరు చూస్తారండీ? గేటు దగ్గర అందరూ లేచి నమస్కారం పెట్టేవాళ్ళు."

"మరి ఈ సంగతి చెబితే మీకు పేరొచ్చేది కదా?"

"చెబితే ఆయన పేరు మీద హాలు ఉంటుందా? ఆవిడ తలెత్తుకోగలరా? ఆ అబ్బాయి సంతకం పెట్టనిస్తాడా? రెండేళ్ళనుంచీ పిల్లలు ఈ హాలు కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నారు. ఇవాళ మా పాత స్టాఫంతా వస్తారు. మావాళ్ళ చేతికి ఏ పుస్తకం దొరికినా ముందు ఆ పేజీకే తిప్పుతారు, అలవాటు. అందుకే తీసేశాను. పురుగు కనబడింది, ఫ్రీజర్లో పెట్టానని పొద్దున్నే చెబుదామనుకున్నా. నేను వచ్చేసరికే ఆ అబ్బాయి దొంగతనం అని అరిచేశాడు, పోలీసులు దిగిపోయారు. ఇక నోరు పెగల్లేదు."

ఇంకా ఏదో మిగిలింది. ఊరుకుంటే మనుషులు చెబుతారని డిటెక్టివ్‌కి తెలుసు.

"ఈ ఉద్యోగంలో నాకు ముందు మా నాన్న ఉండేవారు" అంది ఆమె. "ఆయన రోజుల్లోనే ఇది పోయింది. ఇంకా కొన్ని పోయాయి. 'నిర్లక్ష్యం' అని రాసి నాన్నని ఇంటికి పంపేశారు. ఆరోజు నుంచీ ఆయన ఈ గడప తొక్కలేదండీ. నేను ఇదే కుర్చీలోకి వచ్చానని సంతోషించారు, అయినా ఒక్కసారీ చూడ్డానికి రాలేదు. తనే ఎక్కడో పెట్టి మరిచిపోయాననుకుంటారు. ఇప్పటికీ."

తండ్రి మీది మచ్చ చెరిపేసే సాక్ష్యం చేతికి దొరికితే, ఎవరి పిల్లలకో గొడుగు లేకుండా చదువుకునే చోటు కోసం, శాలువా చుట్టి మంచులో పెట్టేసింది ఈ మహాతల్లి!

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. అక్కగారి దగ్గర సెలవు దొరికిన ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి, పొట్లాన్ని చూసి, బావని చూసి, అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ఫోన్ చేయించింది నువ్వేనా! నన్ను అక్కకి అప్పగించి నువ్వు సాక్ష్యం పట్టుకుంటావా? సరే. వస్తువు దొరికింది, దాచిన మనిషీ దొరికింది. నడవండమ్మా స్టేషన్‌కి."

"ఏ సెక్షన్ కింద?" అన్నాడు డిటెక్టివ్.

"దొంగతనం!"

"లైబ్రరీ పుస్తకాన్ని లైబ్రేరియన్ లైబ్రరీలోనే పై అంతస్తు నుంచి కింది అంతస్తుకి తెచ్చింది. ఇది దొంగతనమైతే రేపు నువ్వు నీ లాఠీని బల్ల మీంచి బీరువాలో పెట్టినా కేసే."

"ఆగాగు. అప్పుడే లైబ్రరీ పుస్తకమెలా అవుతుంది? పత్రం మీద సంతకం సాయంత్రం కదా! అప్పటిదాకా ఇది పెద్దావిడ సొత్తే."

మాట డిటెక్టివ్ నాలుక చివరిదాకా వచ్చింది. ఇది ఎప్పటినుంచో లైబ్రరీదేరా అంటే చాలు, బావమరిది నోరు మూతపడుతుంది, ఆవిడ ఇంటికెళుతుంది. లైబ్రేరియన్ ఆయన వైపే చూస్తోంది. వద్దని తల ఊపింది.

డిటెక్టివ్ జీవితంలో మొట్టమొదటిసారి బావమరిది ముందు మాట మింగేశాడు. ఇన్‌స్పెక్టర్‌కి ముందు ఆనందమేసింది, ఆ వెంటనే అనుమానమేసింది. బావ ఓడిపోవడం అతనికి అలవాటు లేని దృశ్యం.

"నాతో ఏదో చెప్పట్లేదు నువ్వు" అన్నాడు గొంతు తగ్గించి.

"పెద్దావిడ వచ్చారా?"

"ఇప్పుడే కారు దిగారు."

"అయితే అందరం పైకెళదాం. ఆవిడతో ఒక్క మాట మాట్లాడాక, నువ్వు ఎవరిని తీసుకెళతానంటే వాళ్ళని పంపిస్తాను. మీ అక్క మీద ఒట్టు."

అక్క మీద ఒట్టంటే ఇన్‌స్పెక్టర్ కాదనలేకపోయాడు.

పెద్దావిడ హాల్లో మొదటి వరసలో కూర్చుని ఉంది. సన్నటి మనిషి. పక్కనే మేనల్లుడు చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. డిటెక్టివ్ పొట్లాన్ని ఆవిడ ముందు బల్ల మీద పెట్టాడు. పొట్లానికి చల్లదనం పోయేదాకా ఆగి, లైబ్రేరియన్ తాకి చూసి తల ఊపాక, తనే విప్పాడు.

"ఎక్కడ దొరికింది? ఎవరు తీశారు?" మేనల్లుడు ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"నేనేనండీ" అంది లైబ్రేరియన్. "పురుగు పట్టిందేమోనన్న భయంతో ఫ్రీజర్లో పెట్టాను. చెప్పాల్సింది, చెప్పలేదు. నా నిర్లక్ష్యమే."

తండ్రి మీద వేసిన మాటే కూతురు తనంతట తాను నెత్తికెత్తుకుంటోంది.

"విన్నారా అత్తయ్యా! నిర్లక్ష్యమని ఒప్పుకుంది. ముందీవిడని ఉద్యోగంలోంచి తీసేస్తేనే సంతకం అని చెప్పేద్దాం."

"నువ్వు కాస్త ఊరుకో నాయనా" అంది పెద్దావిడ. ఆవిడ కళ్ళు పుస్తకం మీద కాదు, లైబ్రేరియన్ మీదున్నాయి.

డిటెక్టివ్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "అమ్మా, మీరు దయచేసి ఏమీ అనుకోకపోతే ఒక్క సందేహం. ఈ పుస్తకం చివర ఎన్నో అందమైన బొమ్మలున్నాయట. నలుగురికీ చూపించాలంటే ఎవరైనా ఒక బొమ్మ దగ్గర తెరుస్తారు. మీరేమో అక్షరాలు తప్ప ఏమీ లేని పేజీలో గుర్తు పెట్టి పంపించారు. ఎందుకని?"

ఈ ప్రశ్న లైబ్రేరియన్‌కి ఇంతవరకూ తట్టనేలేదు. తన భయంలో తను కొట్టుకుపోయింది పాపం.

"మీరు చూశారా?" అని అడిగింది పెద్దావిడ మెల్లగా.

"నేను చూళ్ళేదు. చూసినవాళ్ళు మీ పరువు కోసం దాచిపెట్టారు."

ఆవిడ పుస్తకాన్ని దగ్గరికి లాక్కుని తెరిచింది. గుర్తు కాగితం ఎప్పుడో తీసేశారు. అయినా ఆవిడ వేళ్ళు వెతుక్కోలేదు, తిన్నగా ఆ పేజీ దగ్గరే ఆగాయి. కుట్టు పక్కన, నాణెమంత గుండ్రటి ముద్ర. మేనల్లుడు వంగి చదివి నోరు తెరిచేశాడు.

"అత్తయ్యా... మామయ్య..."

"అవును. మీ మామయ్యే" అంది ఆవిడ. "ఆయన ఉన్నన్నాళ్ళూ వీటి దుమ్ము దులిపానే కానీ తెరిచిన పాపాన పోలేదు. పోయాక, ఇల్లంతా బావురుమంటుంటే, ఒక్కొక్కటే తీసి చదవడం మొదలుపెట్టాను. దీంట్లో ముప్పై ఏడో పేజీలో ఈ ముద్ర. వారానికి ఇంకో దాంట్లోనూ అదే పేజీ, అదే ముద్ర. ఆ తర్వాత చదవడం మానేసి ఆ పేజీయే చూసుకుంటూ పోయాను. మంచి మనిషే ఆయన. పుస్తకం కనబడితే మాత్రం మంచీ చెడ్డా తెలిసేది కాదు."

"ఎవరికైనా చెప్పాల్సింది కదమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతని గొంతులో పోలీసు ఎప్పుడు దిగిపోయాడో అతనికే తెలీదు.

"మొగుడు దొంగ అని నోటితో ఎలా చెప్పను బాబూ? అద్దాల పెట్టె చేత చెప్పిద్దామనుకున్నాను. నలుగురూ వస్తారు, ఎవరో ఒకరు చూసి అడుగుతారు, అప్పుడు ఇక చెప్పక తప్పదు కదా అని." లైబ్రేరియన్ వైపు తిరిగి నవ్వింది. "అంతా బాగానే ఆలోచించాను. ఇంత మంచి మనిషి మధ్యలో అడ్డుపడుతుందని అనుకోలేదు."

లైబ్రేరియన్ నవ్వబోయి ఏడ్చేసింది.

"ఎందుకమ్మా ఏడుపు? ఈ పుస్తకాలు పోయినందుకు అప్పట్లో ఎవరినీ ఏమీ అనలేదు కదా?" అంది పెద్దావిడ.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. డిటెక్టివే చెప్పాడు, ఉన్నదున్నట్టు, నాలుగు మాటల్లో. అంతసేపూ పెద్దావిడ ఒళ్ళో ఉన్న ఉపన్యాసం కాగితం నేల మీద పడింది, ఎవరూ తీయలేదు.

"ఉన్నారా ఆయన?"

"ఉన్నారండీ. ఈ వీధి చివరే ఇల్లు. కానీ రారు. నేను ఎన్నిసార్లు పిలిచానో..."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసుకుని లేచాడు. "నేను తీసుకొస్తా" అన్నాడు, బావ కళ్ళలోకి చూడకుండా.

"నువ్వా? ఆయన్ని భయపెట్టకురా."

"నాకూ తెలుసులే బావా మనుషులతో మాట్లాడ్డం."

మేనల్లుడు ఈలోగా రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. మూడోసారి, "సభలో చెప్పాల్సిన పనేముంది అత్తయ్యా, మనలో మనం సర్దుకుంటే పోదా" అన్నాడు. ఇచ్చిన పుస్తకాలన్నీ ఇంకా విప్పని పెట్టెల్లోంచి బయటికి తీయించి, ఆ పేజీ చూసి, ముద్ర ఉన్నవి వేరే బల్ల మీద పేర్చే పని పెద్దావిడ అతనికే అప్పగించింది. గొణుక్కుంటూనే చొక్కా చేతులు మడిచాడు.

లైబ్రేరియన్ నాన్న, ఆ పెద్దాయన నడుచుకుంటూ వస్తారనుకున్నారు. దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఇంట్లో వేసుకునే చెప్పులు అలాగే ఉన్నాయి. వెనకాల ఇన్‌స్పెక్టర్ రొప్పుతున్నాడు.

"ఏం చెప్పావురా?" చెవిలో అడిగాడు డిటెక్టివ్.

"మీ పుస్తకం దొరికింది, మీరే గుర్తుపట్టాలి అన్నా. అంతే. జీపు స్టార్ట్ చేసేలోపే వీధిలోకి దూకేశాడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. డిటెక్టివ్ చూడనట్టు నటించాడు, ఉడికించడానికి ఇంకో రోజు దొరక్కపోదు.

పెద్దాయన గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగారు. కూతురు వెళ్ళి చెయ్యి పట్టుకుంది. బల్ల దగ్గరికి వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, ఎవరినీ పలకరించకుండా పుస్తకం తెరిచారు. ముప్పై ఏడో పేజీలో ముద్ర మీద బొటనవేలు ఉంచారు. తర్వాత చివరికి తిప్పి, బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూసుకున్నారు. ఒక్కటీ పోలేదు. ఆయన భుజాలు మెల్లగా కిందికి దిగాయి. ఎన్నాళ్ళనుంచి మోస్తున్నారో ఏమో!

"నేను పోగొట్టలేదన్నమాట" అన్నారు కూతురితో.

"లేదు నాన్నా."

"ఎవరు తెచ్చిచ్చారు?"

పెద్దావిడ కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది. చేతులు జోడించింది.

"నేనేనండీ. మా ఇంట్లోనే ఉన్నాయి ఇన్నాళ్ళూ. మీకు జరిగింది ఇప్పుడే తెలిసింది. సాయంత్రం అందరి ముందూ చెబుతాను. చాలా ఆలస్యం చేశాను."

పెద్దాయన ఆవిడని చూశారు, పక్క బల్ల మీద పెరుగుతున్న పుస్తకాల దొంతరని చూశారు. జీవితమంతా అదే పనిలో ఉన్న మనిషి కదా, ఆ మాటకి అలవాటైన జవాబు ఆయనకి తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది.

"ఆలస్యమైతే ఫైన్ పడుతుందమ్మా."

కూతురు "నాన్నా!" అని నాలుక కరుచుకుంది. ఇన్‌స్పెక్టర్ కంగారుగా టోపీ సర్దుకున్నాడు. పెద్దావిడ మాత్రం తలెత్తి, కొత్త కప్పునీ, కిటికీలనీ, వరసగా పేర్చిన కుర్చీలనీ ఒకసారి చూసి, ఆయన వైపు తిరిగింది.

"అందుకే కదండీ ఈ హాలు."